పునుగులు మానక్కర్లేదు, మూకుడు మార్చండి

ప్రశ్న: నమస్తే అక్కా. నాకు 36, మాది భీమవరం, పెళ్ళయ్యాక కూకట్‌పల్లిలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ జాబ్, వారంలో మూడ్రోజులు ఇంటి నుంచే పని. బరువు 72 కేజీలు. మొన్న హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చింది, డాక్టర్ గారు మందులేం రాయలేదు, ఓ ఎనిమిది కేజీలు తగ్గమ్మా, ఆ చెత్త తిండి మానెయ్ అన్నారు. భోజనం దగ్గర నేను కంట్రోల్‌లోనే ఉంటా, రెండు చిన్న పుల్కాలు, కూర, అంతే. సమస్యంతా సాయంత్రం అయిదు నుంచి. పునుగులో మిర్చి బజ్జీయో పడాల్సిందే, లేకపోతే చిప్స్ ప్యాకెట్ తెరుస్తా. రోజుకి నాలుగు టీలు, మధ్యాహ్నం నిద్రొస్తే ఓ కూల్‌డ్రింక్. ఇవన్నీ మార్చాలని రాగి బిస్కెట్లు, మల్టీగ్రెయిన్ చిప్స్, మిల్లెట్ మిక్చర్, టీలో పంచదార బదులు బెల్లం మొదలెట్టా, మూడు నెలలైంది, అర కేజీ కూడా తగ్గలేదు. ఎయిర్ ఫ్రయర్ కొనమంటారా? మా అత్తయ్యగారు ఆదివారం వస్తే గారెలో పకోడీలో వేస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మా బాబుకి ఎనిమిదేళ్ళు, సాయంత్రం నూడుల్స్ తప్ప ఇంకోటి ముట్టడు, వాడిక్కూడా ఇవన్నీ మాన్పించాలా? పేరు వెయ్యకండి.

సమాధానం: పేరు వెయ్యట్లేదండీ, నిశ్చింతగా ఉండండి. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఆ మూడు నెలల మాట, ఎందుకంటే మీరు బద్ధకించి ఊరుకున్న మనిషి కాదు, డబ్బులు ఎక్కువ పెట్టి మరీ కొని, ఇష్టం లేని రుచులు తిని, కష్టపడి మార్చారు, అయినా ముల్లు కదల్లేదు. అక్కడే చాలామంది ఇంక నా ఒళ్ళింతే అని వదిలేస్తారు, మీరు వదలకుండా ఉత్తరం రాశారు, అది చాలా మంచి పని చేశారు.

కదలకపోవడానికి కారణం చెప్తా. మీరు మార్చింది పిండినీ, ప్యాకెట్ మీద పేరునీ, కానీ బరువు పెంచేది పిండి కంటే నూనె, పంచదార, అవి రెండూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. రాగిపిండి 100 గ్రాములకి 320 కేలరీల దాకా ఉంటుంది, మైదా 350 దాకా, అంటే తేడా పెద్దగా లేదు (రాగిలో పీచు, కాల్షియం ఎక్కువ, అది నిజమే, దానికోసం తినాలనుకుంటే రాగి జావో సంగటో తినండి). అదే రాగిపిండిలో వెన్నో పామాయిలో పంచదారో కలిపి బిస్కెట్ చేస్తే 100 గ్రాములకి 450 పైనే అవుతుంది, మైదా బిస్కెట్ కూడా దాదాపు అంతే. బెల్లం 380, పంచదార 400. మిల్లెట్ మిక్చర్ అయినా మామూలు మిక్చర్ అయినా నూనెలో వేగాక 500 చుట్టూనే తిరుగుతాయి. ఒక్క గ్రాము నూనెకి 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకీ 4, ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే చాలు, ఇంక ఏ ప్యాకెట్ మిమ్మల్ని మోసం చెయ్యలేదు. ఆరోగ్యకరం అని ముందువైపు ఎంత పెద్దక్షరాల్లో రాసినా వెనక్కి తిప్పండి, 100 గ్రాములకి ఎన్ని కేలరీలు, ఎంత కొవ్వు, ఎంత చక్కెర అని అక్కడ ఉంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశంలో తిండి పదార్థాల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ప్రకారం ఒక గట్టి పదార్థం మీద లో ఫ్యాట్ అని రాయాలంటే 100 గ్రాముల్లో కొవ్వు 3 గ్రాములు దాటకూడదు. మల్టీగ్రెయిన్ అనో బేక్డ్ అనో రాయడానికి అలాంటి కొవ్వు హద్దేమీ లేదు, అందుకే ఆ మాటలు అంత ధారాళంగా కనపడతాయి. మీ ఇంట్లో ఉన్న మల్టీగ్రెయిన్ చిప్స్ ప్యాకెట్ ఇప్పుడే తీసి చూడండి, కొవ్వు 20 పైన కనపడితే అది ఇంకో రకం చిప్సే, మార్పు కాదు.

సరే, ఇప్పుడు పని మొదలెడదాం. ముందు తాగేవాటి దగ్గర మొదలెట్టండి, ఎందుకంటే వాటితో కడుపు నిండదు, తీసేస్తే లోటు కూడా త్వరగా మర్చిపోతాం. కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకి 10, 11 గ్రాముల పంచదార ఉంటుంది, 250 మిల్లీల సీసా తాగితే 26 గ్రాముల దగ్గర, అంటే అయిదు చెంచాలు. మీ నాలుగు టీల్లో రెండేసి చెంచాలు వేస్కుంటున్నారనుకుందాం, ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు, బెల్లం అయినా అంతే. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో రోజుకి పంచదార 20 నుంచి 25 గ్రాముల లోపు ఉంచుకోమంది, మీరు భోజనం, స్నాక్స్ లెక్క వెయ్యకుండానే 60 దాటేస్తున్నారు. పైగా ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకి తీపి డ్రింకులు ప్రత్యేకంగా చెడ్డవి, వాటి పంచదారలో సగం ఫ్రక్టోజ్ అనే రకం చక్కెరే, దాని భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది, అక్కడే కొవ్వుగా మారుతుంది. కాబట్టి ఆ మధ్యాహ్నం సీసా మొదట పోవాలి, దీంట్లో నేను బేరం ఒప్పుకోను.

దాని బదులు ఏంటి? మీక్కావల్సింది తీపి కాకపోవచ్చు, నిద్రమత్తు వదిలించే చల్లదనం, ఆ గ్యాస్ గొంతులో దిగే చురుకు. ప్లెయిన్ సోడా ఫ్రిజ్‌లో పెట్టి, సగం నిమ్మకాయ, ఉప్పు, కొంచెం జీలకర్ర పొడి, నల్లుప్పు ఉంటే చిటికెడు వేసి తాగండి, పది కేలరీలు కూడా ఉండవు. లేదా పల్చటి మజ్జిగలో అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి దంచి వేస్కోండి, పెద్ద గ్లాసుకి 40 కేలరీల లోపు. కొబ్బరినీళ్ళు 100 మిల్లీలకి 20, అవీ పర్లేదు. చెరుకురసం, బాదం మిల్క్, నన్నారి, డబ్బాల్లో వచ్చే మామిడి రసాలు మాత్రం కూల్‌డ్రింక్ ఖాతాలోనే రాస్కోండి. డైట్ కోలా సంగతి అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెప్తున్నా, దాంట్లో కేలరీలు లేని మాట నిజమే, రోజూ తాగేవాళ్ళు మానడానికి ఓ నెల మెట్టుగా వాడుకోవచ్చు, కానీ బరువు తగ్గడానికని ఈ కృత్రిమ తీపిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, నా మాటా అదే, తీపి అలవాటు నాలిక మీద అలాగే ఉండిపోతుంది. టీ మాత్రం మానమనను. ఒక టీ తగ్గించి మిగతా మూడింట్లో చెంచా చొప్పున వెయ్యండి, మొదటి వారం చప్పగా ఉంటుంది, అల్లమో యాలకులో కొంచెం ఎక్కువ దంచి వేస్తే ఆ చప్పదనం తెలీదు, రెండు మూడు వారాలయ్యాక పాత టీ తాగితే మీకే పాకంలా అనిపిస్తుంది.

ఇంక అయిదు గంటల సంగతి. ఒక చిన్న అనుమానం ముందు చెప్పనివ్వండి. రెండు చిన్న పుల్కాలు, కూర తిని కంట్రోల్‌లో ఉన్నా అంటున్నారు, ఆ కంట్రోలే సాయంత్రం మిమ్మల్ని బజ్జీల బండి దగ్గరికి పంపిస్తోందని నాకనిపిస్తోంది. ఆ భోజనంలో పప్పేదీ? పెరుగేదీ? గుడ్డేదీ? ఒంటిగంటకి అంత తక్కువ తిన్న మనిషికి అయిదింటికి పుట్టేది జిహ్వచాపల్యం కాదు, నిజమైన ఆకలి, దాన్ని మందలిస్తే పోదు. మధ్యాహ్నం ఓ కప్పు గట్టి పప్పు, పెరుగు చేర్చండి, లేదా ఉడికించిన గుడ్డు. పప్పు, పెరుగు కలిపి ఓ 150 నుంచి 200 కేలరీలు పెంచుతాయి, సాయంత్రం 300 తగ్గించుకోవడం తేలికవుతుంది. ఇది చెయ్యకుండా కింద నేను రాసేవన్నీ చేసినా సగమే ఫలితం ఉంటుంది.

పునుగులు. భీమవరం మనిషికి పునుగులు మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు, వినక్కర్లేదు కూడా. పునుగులో మీకు నచ్చేదేంటో ఒక్క నిమిషం ఆలోచించండి, పైన ఎర్రగా కరకరమనే పొర, లోపల మెత్తగా పులిసిన పిండి వాసన, మధ్యలో తగిలే ఉల్లిపాయ, జీలకర్ర, పక్కన కారంగా చట్నీ, నోరు కాలేంత వేడి. వీటిల్లో దేనికీ మూకుడు నిండా నూనె అక్కర్లేదు, గుంత పొంగనాల పెనం చాలు. మన అమ్మమ్మల దగ్గర ఉన్న ఇనప పెనం దొరికితే అదృష్టం, లేకపోతే నాన్‌స్టిక్‌ది అయినా పర్లేదు. ఇడ్లీ పిండి కానీ దోసె పిండి కానీ ఒకరోజు పులిసింది తీస్కోండి, పల్చగా ఉంటే రెండు చెంచాల బియ్యప్పిండో బొంబాయి రవ్వో కలిపి గరిటెతో తీస్తే ముద్దలా జారేట్టు చేస్కోండి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, జీలకర్ర. మైదా వద్దు, వంటసోడా కూడా వద్దు. పెనం బాగా కాలాక ఒక్కో గుంతలో నాలుగైదు చుక్కల నూనె, పన్నెండు గుంతలకి కలిపి చిన్న చెంచాతో రెండు చెంచాలు మించనివ్వకండి. పిండి ముప్పావు దాకా పోసి మూత పెట్టండి. అంచులు ఎర్రబడి లాగినట్టు అయ్యాక పుల్లతో తిప్పితే గిర్రున తిరుగుతాయి, రెండో వైపు మూత లేకుండా సన్నటి సెగ మీద ఎక్కువసేపు వదిలెయ్యండి, అసలు రహస్యం ఈ రెండో వైపే, తొందరపడి తీసేస్తే మెత్తటి ఇడ్లీ ముక్కలాగా ఉంటుంది, ఓపిక పడితే పునుగు రంగు వస్తుంది. మొత్తం వాయికి పది గ్రాముల నూనె, అంటే 90 కేలరీలు, మీ ఇంట్లో ముగ్గురు తిన్నా తలా 30. బండి మీద ఇదే పిండి నూనెలో మునిగి లేస్తుంది, ఎంత పీలుస్తుందో మీరే చూడాలనుకుంటే ఒకసారి ఇంట్లో వేయించేముందు మూకుట్లో నూనె కొలిచి పొయ్యండి, అయ్యాక చల్లార్చి మళ్ళీ కొలవండి, ఆ తేడా కళ్ళారా చూశాక ఇంకెవరూ మీకు చెప్పక్కర్లేదు.

చట్నీ జాగ్రత్త. పల్లీలు 100 గ్రాములకి 560 కేలరీల పైనే, మంచి తిండే, కానీ గిన్నెడు పల్లీ చట్నీలో ముంచుకుని తింటే పెనం మీద మిగిల్చింది అక్కడ పోతుంది. అల్లం పచ్చడి తీపి తక్కువగా, టమాటా పచ్చడి, లేదా పుట్నాలు, పెరుగు, పచ్చిమిర్చి కలిపి రుబ్బిన చట్నీ, ఇవి ఎంత వేస్కున్నా పెద్ద భయం లేదు.

మిర్చి బజ్జీ దీనంత తేలిగ్గా మారదు, ఆ శనగపిండి పొంగు నూనెలో తప్ప రాదు, వస్తుందని చెప్తే అబద్ధం. కానీ బజ్జీలో మనల్ని లాగేది మిరపకాయ, వాము, చింతపండు, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం. బజ్జీ మిరపకాయల్ని చీల్చి గింజలు తీసి, కమ్మగా పొడిగా వేయించిన శనగపిండిలో వాము, ఉప్పు, కారం, చిక్కటి చింతపండు గుజ్జు కలిపి కూరి, పెనం మీద చెంచా నూనెతో మూతపెట్టి మగ్గించి చివర్లో పెద్ద సెగ మీద మచ్చలు పడేదాకా కాల్చండి, పైన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. ఇది బజ్జీ అని అననుగానీ బజ్జీ మీదున్న కోరిక మాత్రం తీరుస్తుంది. రాయలసీమ వైపు ఉగ్గాని బజ్జీ తినేవాళ్ళు కూడా ఉగ్గాని అలాగే ఉంచి పక్కన ఈ కాల్చిన మిరపకాయ పెట్టుకుంటే ప్లేటు బరువు బాగా తగ్గుతుంది. ఎప్పుడైనా బండి దగ్గరే తినాలనిపిస్తే తినండి, ఒకటి, ఉల్లిపాయ ఎక్కువ వేయించుకుని, అక్కడే నిలబడి. పార్సిల్ మాత్రం వద్దు, పార్సిల్ అంటే నాలుగు. కట్ మిర్చి జోలికి అసలు పోకండి, దాన్ని ఒకసారి వేయించి, ముక్కలు కోసి, మళ్ళీ నూనెలో వేస్తారు, కోసిన ప్రతి వైపూ నూనె తాగుతుంది.

చిప్స్. 50 గ్రాముల ప్యాకెట్ దాదాపు 270 కేలరీలు, అందులో నూనె 17 గ్రాముల దాకా, అంటే మూడున్నర చెంచాల నూనె, మనం చేత్తో పట్టుకుంటే పొడిగా ఉంటుంది కాబట్టి తెలీదు. ఇక్కడ మనక్కావల్సింది పళ్ళకింద శబ్దం, ఉప్పూకారం, చెయ్యి ఊరికే ఆడుతూ ఉండటం, మీటింగులో కెమెరా ఆఫ్ చేసి నమిలేది కదా. దీనికి నా మొదటి ఓటు పాప్‌కార్న్, మైక్రోవేవ్‌లో పెట్టే వెన్న ప్యాకెట్ కాదు, కిరాణా కొట్లో విడిగా దొరికే గింజలు. 20 గ్రాముల గింజలు, చెంచా నూనె, పసుపు, ఉప్పు, కారం, కుక్కర్లో పైన మూత వదులుగా పెట్టి వేయిస్తే పెద్ద గిన్నెడు వస్తుంది, 120 కేలరీలు. తొలి ఏకాదశికి మన ఇళ్ళల్లో పేలాలు వేయించడం ఎప్పట్నుంచో ఉన్నదే, ఇది కొత్త డైట్ ఏం కాదు.

రెండోది ముంత మసాలా, విశాఖ బీచ్‌లో అమ్మేట్టుగా. మరమరాలు (మీ ఆఫీసులో సీమ వాళ్ళుంటే బొరుగులు అంటారు, అవే ఇవి) తేలిక, కప్పు పట్టుమని 15 గ్రాములు కూడా తూగదు, 55 కేలరీలు. రెండు కప్పులు తీస్కుని సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కీరా, కొత్తిమీర, వేయించిన పల్లీలు ఓ చెంచా, కారం, ఉప్పు, నిమ్మరసం, కావాలంటే అర చెంచా పచ్చి నూనె, కలిపిన వెంటనే తినెయ్యాలి, అయిదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది, అప్పుడు తినబుద్ధి కాదు, మళ్ళీ చిప్స్ గుర్తొస్తాయి. అందుకే తరిగినవి ఒక డబ్బాలో, మరమరాలు ఒక డబ్బాలో పెట్టుకుని తినేముందు కలపండి. మిక్చర్ పైన చల్లుకుంటా అంటే చెంచాడు చల్లుకోండి, గుప్పెడు కాదు.

ఆకలి గట్టిగా ఉన్నరోజు మాత్రం ఈ గాలి తిండి చాలదు, ఆ రోజు గుగ్గిళ్ళు, తెలంగాణలో గుడాలంటారు. శనగలు రాత్రి నానబోసి పొద్దున్నే కుక్కర్లో పెట్టేస్తే సాయంత్రం తాలింపు రెండు నిమిషాల పని, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, పైన పచ్చి మామిడి తురుమో నిమ్మరసమో. ఉడికిన శనగలు 100 గ్రాములకి 160 కేలరీలు, 9 గ్రాముల దాకా ప్రొటీన్, పీచు బోలెడు, తిన్నాక రాత్రి ఎనిమిదిన్నర దాకా వంటగది వైపు చూడరు. అలసందలు (బొబ్బర్లు), పెసలు, ఏదైనా ఇంతే. అప్పడాలు ఇష్టమైతే నూనెలో వెయ్యకుండా మంట మీద కాల్చండి, వడియాలు మైక్రోవేవ్‌లో పొంగుతాయి. ఫూల్ మఖానా మంచిదే, కానీ ఆ ధర పెట్టి కొనాల్సిన గొప్పతనం నాకైతే కనపడలేదు, మరమరాలతో మీ పని అయిపోతుంది. పప్పు చెక్కల మీద మనసైతే సర్వపిండి కాల్చుకోండి, పల్చగా తట్టి, చెంచాన్నర నూనెతో, అడుగు పట్టిన ఆ ఎర్రటి పొర ఏ చెక్కకీ తీసిపోదు.

ఇప్పటిదాకా చెప్పింది లెక్క వేస్తే, టీల్లో అయిదు చెంచాలు తగ్గితే 100, సీసా బదులు మజ్జిగ తాగితే 65, చిప్స్ బదులు పాప్‌కార్న్ తింటే 150, మొత్తం రోజుకి 315 కేలరీలు, పునుగుల్లో తగ్గే నూనె ఇంకా కలపలేదు. ఒంట్లో కేజీ కొవ్వుకి ఉజ్జాయింపుగా 7,700 కేలరీలు అంటారు, మధ్యాహ్నం చేర్చిన పప్పు, పెరుగు కేలరీలు తీసేసి కాగితం మీద చూస్తే నెలకి అర కేజీ దగ్గర. ఒంట్లో అంత ఖచ్చితంగా జరగదు, ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, నీరు పట్టే రోజులూ ఉంటాయి, కానీ దారి అదే. ఇంకోటి, ఎనిమిది కేజీలు అనగానే దిగులు పడకండి, బరువులో 5 శాతం తగ్గినా చాలు, లివర్‌లో కొవ్వు తగ్గుతుంది, మీకది మూడున్నర కేజీలు. మూడు నెలలు ఇవన్నీ నిజంగా పాటించినా ముల్లు కదలకపోతే థైరాయిడ్, షుగర్ ఒకసారి చూడమని డాక్టర్ గారిని అడగండి, ఆ మాట ఆయనతోనే తేల్చుకోవాలి.

అత్తయ్యగారి గారెలు. దయచేసి ఆపించకండి. వారానికోసారి ఆవిడ చేత్తో వేసి పెట్టే గారెలు మీ బరువుకి కారణం కాదు, మిగతా ఆరు రోజులు కారణం. ఆవిణ్ణి బాధపెట్టి రెండు గారెలు మిగుల్చుకుంటే ఇంట్లో శాంతి పోతుంది, ఆ చిరాకులో చిప్స్ ప్యాకెట్ పోతుంది. ఆవిడకి తెలిసిన పనే కానీ నూనె విషయంలో రెండు సంగతులు కలిసి చూస్కోండి. పిండి నూనెలో ఉన్నంతసేపూ లోపలి తడి ఆవిరై బయటికి తన్నుతుంటుంది, ఆ ఆవిరి నూనెని లోపలికి పెద్దగా రానివ్వదు. బయటికి తీశాక చల్లారుతుంటే ఆవిరి తగ్గిపోయి, పైన అంటుకున్న నూనెని గారె లోపలికి లాగేస్తుంది, ఎక్కువ నూనె చేరేది అప్పుడే. కాబట్టి తీసిన వెంటనే చిల్లుల గరిటెలోనే గట్టిగా విదిలించి, పొగలు కక్కుతున్నప్పుడే కాగితం మీదో జల్లెట్లోనో విడివిడిగా వెయ్యాలి, గిన్నెలో ఒకదాని మీద ఒకటి పోస్తే అడుగువి నూనెలో నానతాయి. రెండోది, నూనె బాగా కాగాకే వెయ్యాలి, ఒకేసారి మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడి పిండి తాగేస్తుంది. మీరు మూడు గారెలు తినండి, కోడికూరతో, ఆ పూట అన్నం తగ్గించండి. మిగిలినవి ఆవడలు చేసేముందు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండితే కొంత నూనె వదిలేస్తాయి. బిరియానీ కూడా ఇంతే, కాలీఫ్లవర్ తురుముతో బిరియానీ అని వీడియోలు చూసి మీ నాలికని హింసించుకోకండి, పదిహేను రోజులకోసారి అసలైనదే తినండి, ముక్కలు ఎక్కువ అన్నం తక్కువ వేస్కుని, పెరుగు చట్నీతో, కూల్‌డ్రింక్ లేకుండా. రోజూ తినేవి మార్చాలి, అప్పుడప్పుడు తినేవి అలాగే ఉండాలి, నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే.

ఎయిర్ ఫ్రయర్ మీకు అక్కర్లేదు. అది వేడిగాలి తిప్పే చిన్న ఓవెన్, బంగాళాదుంప ముక్కలు, చికెన్ ముక్కలు, పైపైన నూనె రాసిన సమోసా బాగానే చేస్తుంది, కానీ మన బజ్జీ పిండి, పునుగు పిండి లాంటి జారుడు పిండి దాంట్లో వేస్తే బుట్ట చిల్లుల్లోంచి కారిపోతుంది. మీరు రాసిన వాటిల్లో దానితో అయ్యేది ఒక్కటీ లేదు. ఇంట్లో చికెన్ 65 వారం వారం చేస్తుంటే కొనండి, లేకపోతే ఆ డబ్బుతో మంచి పొంగనాల పెనం ఒకటి కొనుక్కోండి, ఇంకా బోలెడు మిగులుతుంది.

బాబు విషయం. ఎనిమిదేళ్ళ పిల్లాడికి కేలరీలు తగ్గించే ఆలోచనే పెట్టుకోకండి, ఎదిగే వయసు, వాడికి నూనె, నెయ్యి, పల్లీలు అన్నీ కావాలి. డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప వాడి ప్లేటు వేరు, మీ ప్లేటు వేరు. నూడుల్స్ సంగతి చూద్దాం, 70 గ్రాముల ప్యాకెట్ 300 కేలరీల దగ్గర ఉంటుంది, ఆ గట్టి బిళ్ళ ముందే నూనెలో వేయించి ఆరబెట్టింది, ఆటా నూడుల్స్ కూడా చాలావరకు అదే పద్ధతి, వెనక్కి తిప్పి చూస్తే కేలరీలు ఇంచుమించు అంతే కనపడతాయి. మాన్పిస్తే గొడవ, కాబట్టి సగం బిళ్ళ, సగం మసాలా, దాంట్లో క్యారెట్, బఠాణీ, చివర్లో ఒక గుడ్డు కొట్టి కలిపెయ్యండి, వాడికి గిన్నె నిండుగానే కనపడుతుంది. అలవాటయ్యాక వారంలో రెండ్రోజులు అదే మసాలాతో ఆవిరి మీద ఉడికే బియ్యం సేమ్యా చేసి చూడండి, చాలామంది పిల్లలకి కావల్సింది ఆ పొడవాటి పోగులు, ఆ మసాలా వాసన, అంతే. పొంగనాలు తిప్పే పుల్ల వాడి చేతికిచ్చి, పెనానికి చెయ్యి తగలకుండా పక్కన నిలబడండి, తను తిప్పినవి తను తింటాడు. వాడి ముందు బరువు మాట, లావు మాట ఎత్తకండి, మీ గురించి కూడా. నెల సామాన్ల చీటీలో చిప్స్, కూల్‌డ్రింక్, బిస్కెట్లు రాయడం ఆపెయ్యండి, ఇంట్లో లేకపోతే అడగడం దానంతటదే తగ్గుతుంది, బయట ఎవరి పుట్టినరోజుకో వెళ్ళినప్పుడు మాత్రం అందరితో పాటు తిననివ్వండి.